ఎడమ చేతి కర్ర

తుంటి అరిగినవాళ్లు చాలామంది నొప్పిని గజ్జలో చూపిస్తారు, కొందరైతే మోకాల్లో. మంచి ఫిజియోథెరపిస్టు ఆ మాట విని ఊరుకోడు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, తొడను మెల్లగా లోపలికి తిప్పిచూస్తాడు. అరిగిన తుంటి సాధారణంగా ముందు ఆ తిప్పుడికే మొరాయిస్తుంది.

లోపల ఉన్నది గిన్నెలో బంతి లాంటి అమరిక. తొడ ఎముక తల, కటి ఎముక గుంట, రెండింటి మీదా నున్నటి మృదులాస్థి. మనవాళ్లు గుజ్జు అనేది దీన్నే. అది పలచబడితే ఎముకల మధ్య సందు తగ్గి, అంచుల్లో కొత్త ఎముక మొలిచి, కీలు బిగుసుకుంటుంది. పోయిన గుజ్జును ఏ మాత్రా తిరిగి తేలేదు.

ఫిజియోథెరపిస్టు నేర్పు ఇక్కడే. కుడి తుంటి నొప్పయితే కర్ర ఎడమ చేతికిస్తాడు. చూసేవాళ్లకు తప్పనిపిస్తుంది. కుడికాలి మీద నిలబడ్డప్పుడు నడుము ఎడమకు వాలిపోకుండా కుడి పిరుదు పక్క కండరం గట్టిగా లాగాలి. ఆ లాగుడుతోనే కీలు మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం పడుతుంది. ఎడమ చేతి కర్ర దాన్ని తగ్గిస్తుంది. తరవాత పక్కకు పడుకోబెట్టి, కాలెత్తించి, అదే కండరానికి బలం పోస్తాడు. విసుగు పుట్టించే పనే. రోగి సాకులు చెబుతుంటాడు, ఈయన లెక్కపెడుతూనే ఉంటాడు. కీలుమార్పిడి దాకా వెళ్లినవాళ్లను ఆ రోజో మర్నాడో మంచం మీంచి లేపి నిలబెట్టేదీ చాలాచోట్ల ఈయనే.