పెండ్లిపందిటి పసిడి: కృష్ణాతీరపు సంస్థానముల నగలు, కానుకలు

19వ శతాబ్దమున కృష్ణాతీరపు సంస్థానాధిపతుల యింట పెండ్లి జరుగునపుడు, మాంగల్యధారణ ముగిసి, తలంబ్రాల సందడి సద్దుమణిగిన పిమ్మట, పందిటిలో పురోహితుని కంఠము మఱల బిగ్గరగా వినవచ్చుచుండెడిది. మేనమామగారు చదివించిన కాసులపేరు, పినతండ్రిగారు చదివించిన వెండిపళ్లెరము, కరణముగారు చదివించిన పట్టుచీర అని ఒక్కొక్క కానుకను ఇచ్చినవారి పేరుతో సభకు తెలియజేయుచుండగా, ప్రక్కన గూర్చున్న వ్రాయసకాడు దానిని పుస్తకమున కెక్కించుచుండును. రాజుగారి కానుక యెట్లు చదువబడునో, బీదబంధువు సమర్పించిన ఒంటిరూపాయియు నట్లే చదువబడును. చదివింపులని మనము నేటికిని పాటించుచున్న ఆచారమిదియే. ఆ సభలో వినిపించిన ప్రతి నగ వెనుకను ఒక గని, ఒక రేవు, ఒక కంసాలి కుంపటి, వానికి మించి ఒక స్త్రీ యొక్క హక్కును దాగియుండెను. నాలుగింటిలో ఏ యొక్కదానిని విస్మరించినను ఆ నగ విలువను మనము సగమే గ్రహించినవారమగుదుము.

సంస్థానములన్నంతనే హైదరాబాదు, మైసూరు మనస్సునకు దోచుట సహజము. మన డెల్టా ప్రభువులు అంతటివారు గారు. ఈస్టిండియా కంపెనీ సర్కారునకు ఏటేట పేష్కషు చెల్లించుచు వచ్చిన జమీందారులు. అయినను అమరావతి పట్టణమును నెలకొల్పి యందు వసించిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు, నూజివీటి మేకావారు, చల్లపల్లి యార్లగడ్డవారు తమ తమ సీమలలో రాజులుగనే మన్ననలందిరి. వారి యిండ్ల శుభకార్యములు రాజోచితముగనే జరిగెను. వేంకటాద్రినాయుని దానశీలము నేటికిని గుంటూరు, కృష్ణా మండలముల వృద్ధుల నోట నానుచున్నది. 1816లో ఆయన గతించిన వెనుక దత్తపుత్రుల నడుమ సాగిన వ్యాజ్యములలో ఆ మహాసంపద కరగిపోయెను. 1807-1809 నడుమ మంగళగిరి నరసింహస్వామికి ఆయన కట్టించిన 11 అంతస్తుల గాలిగోపురము మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. ధనము చేతులు మాఱును, పనితనము నిలుచును అనుటకు ఇంతకన్న సాక్ష్యము వేఱొకటి యేల?

ఇక ఆ నగలలోని రాళ్ల సంగతి. వజ్రమునకు మన కృష్ణ పుట్టినిల్లు. నేడు పులిచింతల జలాశయగర్భమున మునిగిన కొల్లూరు గనులను 17వ శతాబ్దిలో దర్శించిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, అచట స్త్రీలు, పురుషులు, బాలురు కలసి 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసియుంచెను. కోహినూరు ఆ గనులలోనిదేయని ప్రసిద్ధి. బెజవాడకు పడమర హైదరాబాదు బాటలోనున్న పరిటాల వజ్రభూమియగుటచేతనే, ఉత్తర సర్కారులు కంపెనీ వశమైనను నిజాము ఆ గ్రామమును తనకై నిలుపుకొనెను. కెంపులన్ననో, సముద్రము మీదుగా బర్మాలోని పెగూనుండి మచిలీపట్టణపు రేవునకు దిగుచుండెడివి. బందరు వర్తకుల నావలు కలంకారీ వస్త్రములను గొనిపోయి మాణిక్యములను గొనివచ్చెడివి. ముత్యములు మన్నారు సింధుశాఖనుండియు, పారశీక తీరమునుండియు వచ్చెను. ఈ విధమున ఒక పెండ్లికూతురి కంఠహారమున కృష్ణాతీరపు గనియు, బంగాళాఖాతపు ఓడయు, దక్షిణసముద్రపు ముత్యపుచిప్పయు ఒక్కచోట గూడుకొనెడివి.

రాళ్లు నలుదెసలనుండి వచ్చినను నగల రూపములు మాత్రము ఈ నేలలోనివే. అమరావతీ స్తూపశిల్పములను శ్రద్ధగా పరికించినవారికి ఆ సంగతి తేటతెల్లము. రెండువేల యేండ్లనాటి ఆ సున్నపుఱాతి స్త్రీమూర్తుల నడుములకు పూసలు వరుసలు వరుసలుగా గ్రుచ్చిన మేఖలలు, పాదములకు బరువైన అందెలు, చెవులకు పెద్ద పెద్ద కుండలములు కలవు. శిల్పి ఆ మేఖలను నడుము వంపుననుసరించి ఒకింత క్రిందికి జాఱినట్లు చెక్కెను. లోహపుటాభరణము మేనిపై నిలుచు తీరెఱిగినవాడే అట్లు చెక్కగలడు. ఆ మేఖలయే కాలక్రమమున వడ్డాణమైనది.

జమీందారీ వధువు అలంకారము శిరస్సున మొదలగును. పాపిటను పాపిటబిళ్ల, తలకు ఇరువైపుల సూర్యచంద్రులు, కొప్పున రాగిడి, జడపొడవునను నాగరము, జడ కొసను కుప్పెలు. చెవులకు కమ్మలు, జూకాలు, వాని బరువునాపుటకు ముత్యాల మాటీలు. ముక్కున ముక్కెర, బులాకి. మెడను కంటె, నాను, కాసులపేరు, గుట్టపూసల హారము. దండలకు అరవంకీలు, ముంజేతులకు మురుగులు, నడుమునకు వడ్డాణము, పాదములకు వెండి అందెలు, మెట్టెలు. బంగారము లక్ష్మీస్వరూపమగుటచే నడుము దిగువన ధరింపరాదను నియమము వాడుకలో నుండెను.

వీనిని గావించిన చేతులు కంసాలివారివి. వారి పని శుద్ధితో మొదలగును. పుటముపెట్టి మాలిన్యము పోగొట్టిన బంగారమును గీటురాతిపై గీచి, తెలిసిన వన్నెగల పసిడిగీతతో పోల్చి నాణ్యము నిర్ణయింతురు. మేలిమిబంగారము మిగుల మెత్తనిదగుటచే నగకు కొలదిగా రాగి కలుపవలయును. ఆ కలుపుపాళ్లు తప్పకుండుటయే కంసాలి నిజాయితీ. మూసలో కరగి కడ్డీగా పోసిన లోహమును దాగలిపై మోది రేకు తీయును; కమ్మచ్చు రంధ్రములలో పెద్దదానినుండి చిన్నదానికి వరుసగా లాగి వెండ్రుకవంటి తీగ తీయును. రేకు, తీగ, పూస, ఈ మూడింటి కూడికయే సమస్తాభరణములును. అతుకుటకు వెలిగారము చల్లి, పొడిమాటు పెట్టి, ఊదుగొట్టముతో దీపజ్వాలను అతుకుచోటికే మరలించి యూదును. ఆ యూపిరి ఒకింత యెక్కువైన రేకు కరగును, తక్కువైన అతుకు నిలువదు.

రాళ్లు పొదుగు విధము మఱింత సూక్ష్మమైనది. పతకపు బోలుదనమును లక్కతో నింపి, ఒక్కొక్క రాతికి ఒక్కొక్క గుంట యమర్చి, అందు తళుకురేకు పఱచి రాతిని గూర్చుండబెట్టుదురు. పిదప కుందనమును, అనగా మలినలేశము లేని బంగారపు సన్ననిరేకును, రాతి చుట్టును ఉక్కుకొనతో ఒత్తుచు వచ్చిన, నిప్పు తగులకుండగనే పొరపై పొర కలసిపోయి రాతిని బిగించిపట్టును. వేడి తగిలిన లక్క కరగును, తళుకు నల్లబడును, కెంపు పగులవచ్చును. కావుననే ఈ పని యంతయు చేతి యొత్తిడిపై నడచును. రాతి వెనుకనున్న రేకు వెలుగును తిరిగి పంపుటచే, మన పాతనగలలోని కెంపులు దీపపు వెలుతురున లోపలినుండి రగులుచున్నట్లు కానవచ్చును. పందిటిలో రాత్రివేళ కాగడాల వెలుగునకు చూడదగినట్లుగనే ఆ పనితనము రూపొందినది.

తెలుగునాట ప్రసిద్ధమైన గుట్టపూసల హారమునందు ఈ విద్యలన్నియు గూడియుండును. కెంపులు పొదిగిన బిళ్లలను వరుసగా కూర్చి, ప్రతి బిళ్ల దిగువన ఆవగింజలకన్న నించుక పెద్దవైన ముత్యములను సన్నని బంగారుతీగలకు గ్రుచ్చి గుత్తులుగా వ్రేలాడదీయుదురు. ఒక్కొక్క ముత్యమునకు తీగ కొనను ముడి వేయవలయును. ఒక్క హారమునకు వందలకొలది ముడులు పడును. తీగలు బిగిసిపోరాదు, వదలిపోరాదు. వధువు తల వంచి లేచినపుడు ఆ ముత్యాల అంచంతయు కదలి మఱల తన చోటనే కుదురుకొనవలయును. నగ పూర్తియైన వెనుక పటిక, ఉప్పు, సురేకారముల ద్రావణమున కాచి మీదిపొర వన్నె తేర్చి, కుంకుడురసముతో తోమి అప్పగింతురు.

ఇన్ని నగలలోను పవిత్రమైనది మిక్కిలి చిన్నది. పుట్టినింటివారు ఒకటి, అత్తింటివారు ఒకటి చేయించిన రెండు పుస్తెలు పసుపుత్రాటికి గూర్చి మంగళసూత్రముగా కట్టుదురు. రాజపుత్రికకును రైతుబిడ్డకును ఇందు భేదము లేదు. ముహూర్తము పెట్టించి, తాంబూలమిచ్చి, పుస్తెలబంగారమును కంసాలి చేతికి అందించుట పెండ్లిపనులలో మొదటిది. నాడు ఆయన ఆ కుటుంబమునకు పనివాడు గాడు, పురోహితునితో సమానుడు.

కానుకలు నగలతో ముగియవు. గంధపుగిన్నె, పన్నీరుబుడ్డి, కుంకుమభరిణె, వెండికంచములు, ఇత్తడిబిందెలు, సారెబుట్టలు, పల్లకి. వీనికన్న గొప్పది పసుపుకుంకుమల క్రింద కూతునకు వ్రాసియిచ్చు భూమి. ఆంధ్రదేశమున ఈ దానము న్యాయస్థానములు సైతము గుర్తించిన ఆచారము. దీనికి మూలము ధర్మశాస్త్రమందే కలదు. అగ్నిసన్నిధిని ఇచ్చినది, అత్తవారింటికి తరలునపుడు ఇచ్చినది, ప్రీతితో ఇచ్చినది, తల్లి, తండ్రి, సోదరుడు ఇచ్చినది అని మనుస్మృతి స్త్రీధనమును ఆఱువిధములుగా పేర్కొనెను. అది భర్తదిగాని, మామదిగాని కాదు. చదివింపుల పుస్తకమున పేరుపేరున వ్రాయించుటలోని యంతరార్థమిది: ఇది ఈమెదని నలుగురి యెదుట నొప్పుకొనుట. బేరమాడి వరునివారు గుంజుకొను కట్నమునకును, ప్రీతితో వధువు చేతనుంచు ధనమునకును ఆకాశభూములంత యంతరము కలదు. మొదటిదానిని 1961 చట్టము నిషేధించినది; రెండవదానిని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి సంపూర్ణహక్కుగా దృఢపఱచినది.

పెండ్లికానుకలను నలుగురి యెదుట నుంచు ఇట్టి బహిరంగత మన యొక్కరిదే కాదు. 1863లో ఇంగ్లండు యువరాజు డెన్మార్కు రాకుమారి అలెగ్జాండ్రాను పరిణయమాడినపుడు వచ్చిన కానుకలను లండనులోని సౌత్ కెన్సింగ్టన్ ప్రదర్శనశాలలో ప్రజలు బారులుదీరి చూచిరి. ఆ రాజకుటుంబమున అప్పటికే మన కోహినూరుండెను. 1852లో దానిని తిరుగ సానబట్టించగా 186 కారట్లది 105 కారట్లకు దిగినది. మెఱుపు హెచ్చినదని వారు సంతసించిరి. రాతి బరువును, సహజరూపమును సాధ్యమైనంత నిలిపి పొదుగు మన పనివారి దృష్టికి అది ఎంతటి నష్టమో ఊహింపవచ్చును.

కృష్ణా డెల్టాలో ఈ నగల విద్య కోటగోడలు దాటి ఊరూర వ్యాపించుటకు కారణము నీరు. 1832-33 నాటి నందన కరవున గుంటూరుసీమ శ్మశానమైనది. ఆ గాయము మానకమునుపే 1852లో మొదలిడి 1855 నాటికి బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తిచేసిరి. కాలువలు పాఱినచోట పైరు పచ్చబడెను. పంట చేతికందిన రైతు కూతురి పెండ్లికి కాసులపేరు చేయించెను. రాణీ విక్టోరియా ముఖముద్రగల సవరనులకు కొంకులతికి త్రాటికి గ్రుచ్చినది ఒక రకము. లక్ష్మీప్రతిమను అచ్చున మోది కాసులు తీర్చినది మఱియొక రకము. ఆ సవరను తూకమునుబట్టియే మన ప్రాంతమున కాసు బంగారమనగా నేటికిని 8 గ్రాములు. బంగారము కొనలేనివారికొఱకు బందరు చెంతనున్న చిలకలపూడి పనివారు రాగిపై పలుచని పసిడిరేకు తొడిగి, కలిపి లాగి, మేలిమినగలతో సరిపోలు తీగలు, గొలుసులు తీర్చిరి. దానిని నకిలీయని తేలికగా చూచుట అన్యాయము. రాజుల యింటి శిల్పమును కూలియింటి పెండ్లికూతురి మెడకు చేర్చిన ఘనత దానిది.

1948 చట్టముతో జమీందారీలు రద్దయ్యెను. తోషాఖానాలు పంపకములలో విడిపోయినవి. ఎన్నో నగలు కరగి కడ్డీలైనవి. నేడు విజయవాడ బందరు రోడ్డు దుకాణములలో 916 ముద్రగల బంగారము నిక్కముగా దొరకును, శుద్ధి విషయమున ఏ శంకయు లేదు. కాని ఆ ముద్ర లోహమును గూర్చి చెప్పునే గాని చేతిని గూర్చి చెప్పదు. పాతనగను మార్పిడికి తీసికొనిపోయినపుడు త్రాసు బంగారమును మాత్రమే తూచును; రాళ్లను తీసివేసి, లక్కను తఱుగు క్రింద కొట్టివేసి, కుందనపు పనిని కరగించివేయుదుము. నూఱేండ్ల పనితనమునకు అప్పుడు పలుకు ధర సున్న.

కావున పెండ్లి తలపెట్టినవారికి నా విన్నపము మూడు మాటలు. అమ్మమ్మనాటి నగను కరగించుటకు ముందు పనితెలిసిన కంసాలికి చూపుడు; తెగిన ముత్యాలగుత్తి తిరిగి కట్టవచ్చును, కదలిన కెంపును తిరిగి పొదుగవచ్చును. క్రొత్తది చేయించునపుడు చేతిపనికి న్యాయమైన మజూరీ ఇచ్చుటకు వెనుదీయకుడు. ఆ కుంపటి ఆఱినచో ఏ యంత్రమును దానిని వెలిగింపలేదు. చదివింపుల పుస్తకమున నగ పేరుతోపాటు అది ఎవరిదో, ఎవరు చేసిరో, ఎవరికి చెందునో వ్రాయించి, ఆ పుస్తకమును వధువు చేతికే ఇండు. నగ చేసినవాని గౌరవమును, ధరించినదాని హక్కును నిలుపగలిగిన నాడు, సంస్థానములు పోయినను ఆ పెండ్లిపందిళ్ల ఘనత మన యిండ్ల నిలిచినట్లే.