ద్విధాచిత్తుడగు రాజు

హెబ్రీయుల రాజచరిత్రమందలి సొలొమోను కథను జదివినవారు తరచుగా జెప్పెడి మాట యొకటి కలదు: అంతటి జ్ఞానిని స్త్రీలు చెఱచిరని. రాజుల మొదటి గ్రంథము పదునొకండవ యధ్యాయమును పైపైని జూచినచో నట్లే తోచును. రాణులు 700, ఉపపత్నులు 300. వార్ధకమున వారు రాజు హృదయమును ద్రిప్పగా నతడు అష్తారోతు, మిల్కోము మొదలగు నన్యదేవతల ననుసరించెనని యందున్నది. ఈ తీర్పు న్యాయమా? ఆ గ్రంథమునే సాక్షిగా బిలిచి విచారింతము.

మూడవ యధ్యాయారంభముననే సొలొమోను ఐగుప్తురాజగు ఫరోతో బాంధవ్యము చేసికొని యతని కుమార్తెను బెండ్లాడెను. గిబియోనులో వివేకము వేడుకొనుట దాని తరువాతి కథ. కాబట్టి హృదయము చీలుట వార్ధకమున గాదు, ప్రార్థనకు బూర్వమే యారంభమైనది. దేవాలయ నిర్మాణమునకు 7 ఏండ్లు, తన నగరునకు 13 ఏండ్లు పట్టినవని గ్రంథకర్త ప్రక్కప్రక్కనే వ్రాసి యూరకున్నాడు. ఆ యూరకుండుటయే విమర్శ.

సొలొమోను తన దేవుని బొత్తిగా మానినవాడు కాడు, పూర్తిగా ననుసరింపనివాడు. ఆలయము కట్టించినవాడే యెరూషలేమున కెదుటి కొండమీద మోయాబీయుల కెమోషునకు బలిస్థలము కట్టించెను. ఒక ప్రక్క నిబంధన, వేఱొక ప్రక్క రాజ్యముల పొత్తులు. రెంటిని నిలుపుకొనదలచి మొదటిదానిని బోగొట్టుకొనెను.

దీని ఫలమనుభవించినవారు ప్రజలు. లెబానోను మ్రాకులకై 30,000 మంది వెట్టికి బోయిరి. ఆ కాడిని దేలిక చేయుమని వేడినవారిని కుమారుడగు రెహబాము కసరికొట్టగా బది గోత్రములు విడిపోయెను. వారి రాజగు యరొబాము, ప్రజలు యెరూషలేమునకు బోయిన తన సింహాసనము నిలువదని భయపడి, బేతేలునందును దానునందును బంగారుదూడల నిలిపెను. సొలొమోను పొత్తులకొఱకు, యరొబాము పదవికొఱకు. ఇరువురియెడను దైవము రాజకార్యమునకు బరిచారకమయ్యెను. విగ్రహారాధనమునకు మూలము శిలయు గాదు, లోహమును గాదు, ఇదియే.

దినవృత్తాంతముల గ్రంథము సొలొమోను పతనమును జెప్పక విడిచినది. రాజుల గ్రంథకర్త దాచలేదు. రాణులు హృదయమును ద్రిప్పిరని వ్రాసియు, దైవకోపమును దండనవాక్యమును రాజుపైననే నిలిపెను. ఆ రాణులలో నొక్కతెయు నీ కథలో నోరు విప్పదు. నోరులేనివారిపై నేరము మోపి జ్ఞానిని విడిపించుట పాఠకులమగు మనము చేసిన పని. పురుషుని పతనమునకు స్త్రీని హేతువుగా జూపుట మనయింట నలవాటైన తర్కము. ఈ గ్రంథము దానికి సాక్ష్యమీయదు.