దండధరునకు దండము

తెలుఁగున దండమను మాటకు రెండర్థములు గలవు. శిక్షయు దండమే, నమస్కారమును దండమే. మన దేశమున అధికారము వహించినవారికి రెండవ యర్థమున దండములు కొల్లలుగా లభించుచున్నవి; మొదటి యర్థమున లభించుట మిక్కిలి యరుదు. ఈ కొఱతను తీర్పనెంచి పార్లమెంటువారు 2019వ సంవత్సరమున మోటారు వాహనముల చట్టములో ఒక చిన్న వాక్యమును చేర్చిరి. కావ్యమును విమర్శించు శ్రద్ధతోనే ఆ వాక్యమును విమర్శింపఁదలఁచితిమి. ఏలయనఁగా, కావ్యదోషమువలన రసభంగము మాత్రమే కలుగును. శాసనదోషమువలన ప్రాణభంగము కలుగవచ్చును.

మోటారు బండ్లను గూర్చి దేశమంతటికి వర్తించు మొదటి శాసనము 1914లో పుట్టినది. దాని స్థానమున 1939లో ఒకటియు, 1988లో మఱియొకటియు వచ్చినవి. ఈ కడపటిదానిని 2019లో సవరించి, జరిమానాలను పెక్కింటిని పెంచి, ఆ యేఁటి సెప్టెంబరు 1వ తేదినుండి అమలుపెట్టిరి. అప్పుడు చేరినదే 210-బి సెక్షను. దాని భావమిది: ఈ చట్టమును అమలుజరుపు అధికారము గలవారే దీనిని అతిక్రమించినచో, ఆ నేరమునకు విధింపఁబడిన దండనకు రెట్టింపు దండనకు పాత్రులగుదురు. హెల్మెట్టు లేక బండి నడిపిన సామాన్యునకు చట్టములో నున్న జరిమానా 1,000 రూపాయలు. వానిని ఆపి చలానా వ్రాయు కానిస్టేబులే అట్లు నడిపినచో 2,000 రూపాయలు. లైసెన్సు లేక నడిపినవానికి 5,000; నడిపినవాఁడు అధికారియైనచో 10,000. ఇది పోలీసులకే గాదు, రవాణాశాఖ అధికారులకును వర్తించును.

ముందుగా గుణమును చెప్పుదము. ఈ వాక్యము నిన్న పుట్టినదైనను దీని వంశము ప్రాచీనము. సామాన్యునకు ఒక కార్షాపణము జరిమానా వేయు తప్పునకు రాజునకు వేయి కార్షాపణములు వేయవలెనని మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నున్నది. ఆ యధ్యాయముననే బండ్లను గూర్చిన నియమములును గలవు. ముక్కుత్రాడు తెగినను, కాడి విఱిగినను, ఇరుసు విఱిగినను, తొలఁగుఁడని కేకవేసినను బండివానికి దండన లేదు. తోలువాని నేర్పులేమిచే బండి దారి తప్పి హాని కలిగినచో యజమానుఁడు రెండువందల పణములు చెల్లింపవలెను. తోలువాఁడు నేర్పరియైనచో శిక్ష వానిదే. ఆ స్మృతిలోనే వర్ణమునుబట్టి మనుష్యుల విలువను హెచ్చించి తగ్గించిన వాక్యములును పెక్కులున్నవి. వానిని మేము సమర్థింపము. ఏ వివేకియు సమర్థింపఁడు. కాని, తెలిసినవాని తప్పు తెలియనివాని తప్పుకంటె పెద్దదను సూత్రము సత్యమైనది. నాఁటి వేయిరెట్లు నేఁటికి రెండురెట్లయినవి గాని సూత్రము నిలిచినది.

ఈ సూత్రమును మన జనులు కథలుగా కూడ చెప్పుకొనిరి. బెజవాడ నేలిన మాధవవర్మ కొడుకు వీథిలో రథము నడుపుచుండఁగా చింతచిగురు అమ్ముకొను పేదరాలి బిడ్డ చక్రము క్రింద పడి మరణించెననియు, రాజు తన కొడుకునకు మరణదండన విధించెననియు, ఆ ధర్మమునకు మెచ్చి కనకదుర్గ బంగారు వాన కురిపించెననియు మన పెద్దలు చెప్పుదురు. తిరువారూరిలో చోళరాజు కొడుకు రథము క్రింద దూడ చచ్చిన కథ కలదు. న్యాయఘంటను కొట్టిన యావు కథయు నదే. సింహళమున ఏలారుని గూర్చి మహావంశమున ఇట్టిదే యున్నది. ఇవి చరిత్రలా యని మేము విచారింపము. మాకు ముఖ్యముగా తోఁచిన విషయమొక్కటి: మూఁడు దేశముల జనులు రాజధర్మమునకు పరీక్ష పెట్టఁదలఁచినపుడు యుద్ధమును కోరలేదు, యజ్ఞమును కోరలేదు, బండి నడుపుటను కోరిరి. రాజు వీథిలో ఎట్లు నడచునో దానినిబట్టియే పేదవాఁడు రాజ్యమును తెలిసికొనును. నేఁడును అంతే. సచివాలయమును ఎన్నఁడును చూడని కూలివాఁడు కూడలిలోని కానిస్టేబును దినమును చూచుచున్నాఁడు. వానికి ప్రభుత్వమన ఆ కానిస్టేబే.

ఇఁక దోషములకు వత్తము. మొదటిది పదదోషము. ఆంగ్లమూలమున 'అథారిటీ' యను మాట వాడిరి. ఆ మాట మనుష్యునకును వర్తించును, కార్యాలయమునకును వర్తించును. అధికారి యను నర్థమును గ్రహించినచో జరిమానా అతని జేబునుండి రావలెను. అధికారసంస్థ యను నర్థమును గ్రహించినచో అది శాఖ నిధులనుండి వచ్చును. ఆ నిధులు ప్రజల పన్నులనుండి వచ్చినవి. చెల్లించిన జరిమానా మరల ప్రభుత్వ ఖజానాకే చేరును. కుడిచేతి సొమ్ము ఎడమచేతికి వచ్చును. దండన మాత్రము ఎవరికిని తగులదు. ఈ చిక్కు ప్రాచీనులకును తోఁచినది. రాజే దోషియైనపుడు బొక్కసము తనదే గదా, జరిమానా ఎవరికి చెల్లించునని స్మృతివ్యాఖ్యాతలు ప్రశ్నించుకొని, ఆ ధనమును నీటిలో వేయవలెననియో, బ్రాహ్మణులకు ఈయవలెననియో సమాధానము చెప్పిరి. ఎవరికిచ్చిరను మాట యట్లుండనిండు. దండుగ యనునది దోషి చేయి దాఁటి పోవలెనని వారు గుర్తించిరి. మన శాసనకర్తలు ఆపాటి జాగ్రత్తయైనను చూపలేదు.

రెండవది కర్తృదోషము. వ్యాకరణమున కర్త లేని క్రియ నిలువదు. ఈ వాక్యమున దండింపఁబడువాఁడున్నాఁడు గాని దండించువాఁడు లేఁడు. చలానా వ్రాయవలసినది పోలీసు, వ్రాయఁబడవలసినదియు పోలీసు. పైయధికారి కారు తప్పుదారిని వచ్చినపుడు దాని సంఖ్యను వ్రాసికొను ధైర్యము కూడలిలోని హోంగార్డునకు ఎక్కడినుండి వచ్చును? ఢిల్లీ ట్రాఫిక్కు పోలీసువారు 2019 సెప్టెంబరులోనే, నియమము తప్పిన సిబ్బంది రెట్టింపు జరిమానా చెల్లింపవలసియుండునని ఉత్తరువు చేసిరి. అది మెచ్చఁదగినది. కాని ఉత్తరువు వేఱు, ఆచరణము వేఱు. చేయివ్రాతకు బదులు కెమెరాలు వచ్చిన పిమ్మట ఈ చిక్కు కొంత తగ్గవలసినది. కెమెరాకు ఖాకీరంగు తెలియదు, భుజముమీఁది నక్షత్రములను అది లెక్కింపదు. అయినను కెమెరా తీసిన పటమును చూచి నిర్ణయించు మనుష్యుఁడు వాని వెనుక నున్నాఁడు. పటమును ప్రక్కకు త్రోయుటకు ఒక్క వ్రేలు చాలును.

మూఁడవది వివేకదోషము. ఈ వాక్యము పనిని దుస్తునుండి వేఱుచేసి చెప్పలేదు. దొంగను తఱుముచు, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుచు పోలీసుబండి ఎఱ్ఱదీపమును దాఁటవచ్చును, దాఁటవలెను కూడ. 2017 నాఁటి వాహనచోదన నిబంధనలు అత్యవసర వాహనములకు ఇట్టి వెసులుబాటు నిచ్చి, తగిన జాగ్రత్త వహింపవలెనని షరతు పెట్టినవి. ఇంగ్లండులో 1984 నాఁటి రోడ్డు ట్రాఫిక్కు నియంత్రణ చట్టము 87వ సెక్షను ఇంకను స్పష్టముగా నున్నది: వేగపరిమితి పోలీసుపనికి అడ్డమైన సందర్భముననే ఆ పరిమితి వర్తింపదు. మినహాయింపు పనికి గాని మనుష్యునకు గాదు. మన వీథులలోనో, కూరగాయలకు పోవు సొంత బండిపై 'పోలీస్' అను నక్షరములు వ్రాయించుకొనిన చాలును, మినహాయింపు దొరకినట్లే యనుకొనువారు కలరు. వారి కుటుంబమువారును అట్లే యనుకొందురు. 2017 మే 1వ తేదినుండి మంత్రుల కార్లపైని ఎఱ్ఱదీపములను తీసివేసిరి. దీపము దిగినది గాని దర్పము దిగలేదు. అది అక్షరముల రూపమున క్రింది మెట్లమీఁదికి ప్రాఁకినది.

ఇట్లు విమర్శించినచో పోలీసుల గౌరవమునకు భంగము కలుగునని కొందఱందురు. గౌరవము దేనివలన పోవును? తప్పు చేసి దండుగ చెల్లించిన కానిస్టేబును చూచి జనులు నవ్వరు. తప్పు చేసి, ఆ తప్పునకే యితరులను ఆపువానిని చూచి నవ్వుదురు. కంచె చేను మేయుచుండఁగా పశువులను అదలించు కేకకు విలువ యుండదు. పోలీసులు పండ్రెండేసి గంటలు ఎండలో, పొగలో నిలిచి పనిచేయుచున్నారు గదా, ఈపాటి తప్పులను చూడవలెనా యని మఱికొందఱందురు. వారి శ్రమ నిజము. దానికి తగిన సెలవును, జీతమును, వసతిని మేమును కోరుదుము. కాని శ్రమకు ప్రతిఫలముగా నియమోల్లంఘనము నిచ్చుట ఆ శ్రమను అవమానించుటయే.

ఇవి చిన్న తప్పులనువారికి లెక్కలే సమాధానము చెప్పును. కేంద్ర రవాణాశాఖ లెక్కప్రకారము 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. వారిలో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. అందు 35,692 మంది బండి నడుపువారు, 14,337 మంది వెనుక కూర్చున్నవారు. పుఱ్ఱెకు పదవి లేదు. తారురోడ్డుకు ఎస్సై తల యొకటి, రైతు తల యొకటి యను భేదము తెలియదు. హెల్మెట్టు లేని కానిస్టేబునకు చలానా వ్రాసిన సహోద్యోగి అతనికి చేసినది అపకారము గాదు. ఇంటికడ ఎదురుచూచుచున్న అతని బిడ్డలకు చేసిన యుపకారము.

ఇఁక నొక హెచ్చరిక. అప్పుడప్పుడు ఒక యధికారి తనకు తానే జరిమానా వ్రాసికొని, దాని పటమును పత్రికలకు ఇచ్చుటయు, జనులు చప్పట్లు కొట్టుటయు గలదు. ఇది చెడ్డది గాదు. కాని ఇంతతో సంతోషించుట ప్రమాదకరము. ఆత్మదండనము సద్గుణము, సద్గుణము ఇష్టమున్నప్పుడు కనఁబడును, ఇష్టము లేనప్పుడు దాఁగును. ధర్మము ఒకని మంచితనముపై నాధారపడరాదు. న్యాయఘంటకు కట్టిన త్రాడు రాజు చేతిలో గాదు, ఆవు నోటికి అందునట్లు వీథిలో నుండెనని కథ చెప్పినవారు మనకంటె తెలివిగలవారు.

ఆ త్రాటిని నేఁడు వీథిలో వ్రేలాడఁదీయుటకు క్రొత్త చట్టము అక్కఱలేదు. ఆ చట్టములోనే 133వ సెక్షను కలదు. నేరము చేసినట్లు ఆరోపింపఁబడిన బండిని నడిపినవాఁడెవఁడో పోలీసు అడిగినపుడు యజమానుఁడు చెప్పితీరవలెనని దాని సారము. సామాన్యుని కారునకు చలానా వచ్చినపుడు వర్తించు ఈ నియమము, పోలీసుశాఖయే యజమానియైన బండికి ఏల వర్తింపరాదు? ప్రతి శాఖాబండికిని లాగ్‌బుక్కు కలదు; ఏ గంటకు ఎవరు నడిపిరో అందుండును. ఆ పేరు వ్రాయవలెను. ఆ జేబునుండియే రెట్టింపు సొమ్ము రావలెను. వెనుక కూర్చున్న యధికారి తొందరపెట్టఁగా డ్రైవరు దీపమును దాఁటినచో, ఆ సొమ్ము అధికారి జేబునుండి రావలెను. క్రింది యుద్యోగిపై త్రోయుట దండనము గాదు, దౌష్ట్యము. అత్యవసరమైనచో ఆ యవసరమేమో ఆ దినముననే స్టేషను డైరీలో వ్రాయవలెను. మఱునాఁడు కల్పించిన యవసరము చెల్లరాదు. శాఖాబండ్లపై పడిన చలానాలెన్ని, చెల్లించినవెన్ని, కొట్టివేసినవెన్ని, ఏ కారణముచే కొట్టివేసిరో నెలకొకసారి అందఱికిని తెలియునట్లు ప్రకటింపవలెను. 1829లో లండనున పోలీసుదళమును స్థాపించినపుడు ప్రతి కానిస్టేబు మెడపట్టీమీఁద ఒక సంఖ్యను కుట్టించిరి. తమ్ము కాచువాఁడెవఁడో జనులు గుర్తుపట్టఁగలుగవలెనని దాని యుద్దేశము. మనము అడుగునది అంతకంటె ఎక్కువ గాదు.

ఇంతయు శాఖలోపలనే జరిగినచో చాలదు. ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున 2006 సెప్టెంబరు 22వ తేదిని సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రమునను, ప్రతి జిల్లాయందును పోలీసులపై ఫిర్యాదులను విచారించు ప్రాధికారసంస్థలను ఏర్పఱుపుమని ఆదేశించినది. అవి పెద్ద దౌర్జన్యముల కొఱకు ఉద్దేశింపఁబడినవి. చలానాల కొఱకు గాదు. కాని ఆ తీర్పులోని సూత్రము చిన్నవానికిని చెల్లును: తనపైని ఫిర్యాదునకు తానే కడపటి న్యాయాధిపతి కారాదు.

210-బి సెక్షను మంచి వాక్యము. కాని సగము వాక్యము. దానికి కర్తను చేర్చుట అధికారుల పని. చేర్చుమని అడుగుట మన పని. అడుగువారు తమ తలపైని హెల్మెట్టును తడవి చూచుకొని మఱి అడుగుట మేలు, అప్పుడే మాటకు బలము. ఏదో యొక దినమున ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరు పటము తీయించుకొనకుండ, ఎవరును బలవంతపెట్టకుండ, తన క్రిందివాఁడు వ్రాసిన చలానాను తీసికొని తన జీతమునుండి సొమ్ము చెల్లించి, వ్రాసినవానిని మందలింపక మఱల పనికి పంపును. అది వార్త కాకుండ నిత్యకృత్యమైన నాఁడు, ఆ యధికారికి జనులు పెట్టు రెండవ దండము నిజమైన దండమగును.