రెండు ముప్పావు, మూడుంబావు

గురువారం రాత్రి కువైట్‌లో తెలుగువాళ్ళు నాలుగు కుటుంబాలు ఒకచోట చేరితే, పులిహోర వడ్డన పూర్తికాకముందే ఒక ప్రశ్న వస్తుంది. "ఆ సినిమా చూశారా? ఎన్నివ్వచ్చు?" బాగుందా అని అడిగే రోజులు పోయాయి. ఎన్ని అనే అడుగుతారు. "రెండున్నర" అనో, "మూడుంబావు" అనో జవాబు వస్తుంది. దాంతో ఆ సినిమా సంగతి తేలిపోయి, సంభాషణ స్కూలు ఫీజుల మీదికీ వేసవి విమానం టిక్కెట్ల మీదికీ వెళ్ళిపోతుంది.

ఈ పావుల లెక్క మన సమీక్షకులు అలవాటు చేసింది. అయిదుకి రెండు ముప్పావు అంటే తెలుగువాడికి ఒక ఖచ్చితమైన అర్థం వుంది: డబ్బు పెట్టి వెళ్ళనక్కరలేదు, వెళ్ళినవాణ్ణి తిట్టనూ అక్కరలేదు. మూడంటే ఫరవాలేదు. మూడుంబావు అంటే అత్తగారిని కూడా తీసుకువెళ్ళవచ్చు. ఇంతకీ రెండు ముప్పావుకీ మూడుకీ మధ్యనున్న ఆ పావు ఏ సీనులో పోయిందంటే ఎవరూ చెప్పలేరు. కంసాలి గురివింద గింజ వేసి తూచినట్టు తూచి మాత్రం చెబుతారు.

మేము వైద్యులం. మార్కులు లేనిదే మాకు పూట గడవదు. పుట్టిన బిడ్డకి పదికి మార్కులు వేస్తారని తల్లులకు తెలిసే వుంటుంది. అమెరికాలో వర్జీనియా ఆప్గార్ అనే మత్తు వైద్యురాలు 1952లో ఏర్పరచి, 1953లో అచ్చువేసిన పద్ధతి అది. గుండె వేగం, ఊపిరి, కండరాల బిగువు, తాకితే స్పందన, ఒంటి రంగు, ఈ అయిదింటికీ విడివిడిగా సున్నా నుంచి రెండు దాకా వేస్తారు. ఎవరు చూసినా ఇంచుమించు అవే మార్కులు రావాలి. ఆరు వచ్చిందంటే పోయిన నాలుగూ ఎక్కడ పోయాయో కాగితం మీద వుంటుంది. ఇందులో మాకు మరీ నచ్చేది ఇంకొకటి వుంది. మార్కులు ఒకసారి వేసి ఊరుకోరు. పుట్టిన నిమిషానికి ఒకసారి, అయిదు నిమిషాలకి మళ్ళీ ఒకసారి వేస్తారు. మొదటి నిమిషంలో నీలంగా వున్న బిడ్డ అయిదో నిమిషానికి కేరుమనడం మామూలే.

ఇంకో రకం మార్కులున్నాయి. నొప్పితో వచ్చిన మనిషిని "పదికి ఎంత నొప్పి?" అని అడుగుతాం. ఒకాయన కాలు విరిగినా నాలుగంటాడు. ఇంకొకాయన వేలు తెగితే తొమ్మిదంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అయితే ఆ అంకెలో గాయం కంటే మనిషి ఎక్కువ కనిపిస్తాడు. ఆ మనిషినే రేపు మళ్ళీ అడిగితే దానికి చాలా విలువ. పక్కమంచం మీదవాడితో పోల్చడానికి మాత్రం పనికిరాదు.

మన గురువారపు మార్కులు నొప్పి మార్కులు. వాటిని బిడ్డ మార్కులుగా చెలామణి చేస్తున్నామన్నదే మా పేచీ.

కొన్ని సినిమాలకు ఈ పద్ధతి చాలు. అనిల్ రావిపూడి 'సంక్రాంతికి వస్తున్నాం' (2025) చూసి మన ఇళ్ళల్లో పిల్లలూ పెద్దలూ పడీ పడీ నవ్వారు. నవ్వు వచ్చిందా లేదా అన్నది నొప్పి లాంటిదే, దానికి వాదన లేదు. మా మార్కు మూడు. ఒక ఫిర్యాదు మాత్రం వుంది. ఇన్నాళ్ళూ "అమ్మా, నీళ్ళు" అన్న రెండు ముక్కలు దాటి తెలుగు రాని మన పిల్లలు, ఆ బుల్లిరాజు పుణ్యమా అని వారంలో అరడజను తిట్లు శుభ్రమైన ఉచ్చారణతో నేర్చుకున్నారు. తెలుగు పాఠాలు చెప్పే అక్కయ్యలు ఇది గమనించాలి.

'కోర్ట్' (2025) అలాంటిది కాదు. ఆడపిల్లల తండ్రులు ఒక మార్కు, పిల్లలు ఒక మార్కు వేశారు. శివాజీ వేసిన మంగపతి పాత్ర చూశాక ఒకరిద్దరు నాన్నగార్లు తిరుగు ప్రయాణంలో కారులో మాట్లాడలేదని విన్నాం. ఆయనలో దుర్మార్గం కంటే కుటుంబ గౌరవం మీద ఆరాటం ఎక్కువ కనిపించడమే వాళ్ళని కలవరపెట్టి వుంటుంది. దర్శకుడు రామ్ జగదీశ్ ఆ పాత్రని రాసిన తీరులో వున్న బలం కోర్టు వాదనల్లో లేదు. వాదనలు చప్పట్ల కోసం రాసినవి. రెండూ కలిపి మూడుంబావు అనేస్తే, పిల్లకీ తండ్రికీ మధ్య జరగవలసిన మాట ఆ పావులో కలిసిపోతుంది.

'బలగం' (2023) సంగతి మరీ చిత్రం. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాకి మనవాళ్ళ మార్కులు జిల్లాల వారీగా వచ్చాయి. తెలంగాణ మిత్రులు నాలుగున్నర వేశారు. కోస్తావైపు పెద్దాయన ఒకరు "యాస పట్టుబడలేదండీ" అని రెండున్నర దగ్గర ఆగారు. కడప మిత్రుడు, పాపం, నల్లిబొక్క కోసం బావ అలిగి ఏళ్ళ తరబడి మాటలు మానేయడం అతిశయోక్తి అన్నాడు. ఆయన భార్య పక్కనుంచి "మీ పెదనాన్నగారు మన పెళ్ళిలో కుర్చీ కోసం అలగలేదా?" అంది. మూడు నుంచి నాలుగుకి వెళ్ళింది మార్కు, అక్కడికక్కడే! పిండం కాకి ముట్టకపోవడం అనే ఒక్క చిన్న విషయం మీద సినిమా అంతా నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. చివర మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడే ఘట్టంలో నటన వెతకడం కూడా అనవసరం. మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు, మూత్రపిండాల జబ్బుతో. మన ఇళ్ళల్లో ఆ ఘట్టానికి ఏడవనివాళ్ళు తక్కువ. కర్మకాండకి విమానం అందుకోలేకపోయినవాళ్ళు మనలో ప్రతి పదిమందికీ ఇద్దరు ముగ్గురుంటారు. ఆ ఏడుపు ఎక్కడిదో చెప్పకుండా నాలుగున్నర అంటే ఎట్లా?

ఈ హడావుడి మార్కుకి ఒక కారణం వుంది, ఒప్పుకోవాలి. కువైట్‌లో తెలుగు సినిమా ఎక్కువకాలం ఆడదు. పెద్ద హీరోదైతే రెండు మూడు వారాంతాలు, చిన్నదైతే వస్తే ఒక్కటి. గురువారం ఆటకి వెళ్ళినవారి మాట మీద శుక్ర, శనివారాల ఆటలు ఆధారపడతాయి. 1980లలో ఇక్కడున్న పెద్దలు చెబుతుంటారు, అప్పట్లో వీడియో క్యాసెట్టు ఒకటి వస్తే పది ఇళ్ళు తిరిగేదట, చివరి ఇంటికి చేరేసరికి నెల. అభిప్రాయాలూ అంత నిదానంగానే తయారయ్యేవి. ఇప్పుడు హాల్లో దీపాలు వెలగకముందే ఫోన్లలో అంకె వచ్చేస్తోంది.

'శంకరాభరణం' 1980 ఫిబ్రవరిలో విడుదలైనప్పుడు మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీ. కథానాయకుడు నడివయసు దాటిన సంగీత విద్వాంసుడు. వేసినాయన సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన మనిషి. ఆ వారం ఎవరైనా మార్కు అడిగివుంటే నీలంగా వున్న బిడ్డకి వేసే మార్కే వచ్చేది. చూసినవాళ్ళు మరో నలుగురికి చెప్పారు, అంకె కాకుండా సంగతి చెప్పారు, దాంతో బిడ్డ కేరుమంది. జాతీయ బహుమతి తరవాత వచ్చింది. అంత పాత మాట ఎందుకంటారా, 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వుంది. విశాఖలోని ఆ పేట మనుషులనే నటులుగా పెట్టి వెంకటేశ్ మహా తీసింది. డబ్బు పెట్టిన ప్రవీణ పరుచూరి మా వృత్తివారే, అమెరికాలో గుండె వైద్యురాలు. పేరున్న ముఖం ఒక్కటి లేని ఆ సినిమానీ నిలబెట్టింది మాటే.

ఇక అసలు సంగతికి వస్తాం.

'ఆడుజీవితం' మలయాళం సినిమా, తెలుగులోకి కూడా డబ్బింగు చేశారు. బెన్యామిన్ 2008లో అచ్చువేసిన నవల ఆధారంగా బ్లెస్సీ తీశారు. 2024 మార్చిలో విడుదలై, జూలైలో నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చింది. మన ఇళ్ళల్లో చాలామంది అప్పుడే చూశారు. మలయాళంలో 'ఆడు' అంటే మేక. ఒక అక్కయ్య ఆడవాళ్ళ జీవితం అనుకుని కూర్చుని, అరగంట దాకా మేకలు ఎందుకొస్తున్నాయా అని చూశారట. కథ చెప్పనక్కరలేదు. కేరళ నుంచి సౌదీలో దిగిన నజీబ్‌ని విమానాశ్రయంలో ఒక అర్బాబు ట్రక్కెక్కించుకుని ఎడారిలో మేకల మధ్య పడేస్తాడు. మూడేళ్ళ పైచిలుకు అక్కడే.

మన గురువారాల్లో ఈ సినిమాకి పడిన మార్కు రెండున్నర. కారణం ఒకటే మాట: "లాగ్ వుందండీ." మధ్యలో మూడుసార్లు చాయ్‌కి లేచి, రెండుసార్లు ఇండియా ఫోనెత్తి, ఆపి ఆపి చూసిన సినిమా నెమ్మదిగా వుందనడంలో ఆశ్చర్యం లేదు. అది కూడా వదిలేద్దాం.

సినిమాలో లోపాలు మాకూ కనిపించాయి. కేరళలో నది, భార్య, నీళ్ళలో ప్రేమ, ఆ పాత జ్ఞాపకాలు క్యాలెండరు బొమ్మల్లా మరీ అందంగా వున్నాయి. రహమాన్ సంగీతం కొన్నిచోట్ల మనకంటే ముందే ఏడుస్తుంది. పారిపోయే భాగంలో ఇసుకలో పడటం, లేవడం, మళ్ళీ పడటం అవసరానికి మించి వుంది. కాని డాక్టరు కళ్ళతో చూస్తే పృథ్వీరాజ్ శరీరం మీద మాకు వంక దొరకలేదు. చిక్కిపోయిన మనిషిని సినిమాల్లో ముఖానికి మసి పూసి చూపిస్తారు. ఇక్కడ రెక్కల ఎముకలు, పగిలిన మడమలు, ఒక కాలు ఈడుస్తూ నడిచే నడక, నీటి తొట్టి దగ్గర ఒళ్ళు కడుక్కునేటప్పుడు వీపు, ఇవి మేకప్పు పెట్టెలోంచి వచ్చేవి కావు. అంతకంటే గొంతు గొప్పది. మాట్లాడే తోడు లేక బొంగురుపోయి, చివరికి మాటా మేక అరుపూ ఒకటైపోతాయి. పరభాషలో బతికే మనం ఆ గొంతు విని "లాగ్" అన్నాం.

షువైఖ్‌లో మేము పనిచేసే ఆసుపత్రుల పేట ఒక పక్క, గ్యారేజీలు, గోడౌన్లు, ఓడరేవు ఇంకో పక్క. రెండు పక్కలవాళ్ళూ మా దగ్గరికి వస్తారు. ఎడారిలో జాఖూర్లలో గొర్రెలు, ఒంటెలు మేపేవాళ్ళూ అప్పుడప్పుడు వస్తారు. ఆమధ్య రాజంపేట వైపునుంచి వచ్చిన ఒకతన్ని, చేతి గాయానికి కట్టు కడుతూ, ఆ సినిమా చూశావా అని అడిగాం.

"సగం చూసినా సార్, ఫోన్లో."

"ఏం, నెమ్మదిగా వుందా?"

"లేదు సార్, బిన్నా అయిపాయ. మాకాడ ఒక దినం గడిచేదే కష్టం. దాంట్లో మూడేండ్లు గంటలో తీసేసినారు."

ఇంతవరకూ ఈ సినిమా మీద మేము విన్న విమర్శల్లో ఇదే సరైనది. మన రెండున్నరా అతని మాటా చెప్పేది కాలం గురించే. సినిమా ఎడారి కాలాన్ని చూపించడంలో ఓడిందా గెలిచిందా అన్నదే అడగవలసిన ప్రశ్న. అతని లెక్కన ఓడింది, తొందరపడి ఓడింది. మా లెక్కన సగం గెలిచింది. అర్బాబుగా వేసిన ఒమన్ నటుడు తాలిబ్ అల్ బలూషీ వున్న భాగంలో గెలిచింది, పాటలున్న చోట ఓడింది. మా మార్కు చూసిన రాత్రి మూడున్నర. వారం తరవాత కూడా మూడున్నరే. వారం తరవాత నది ఒక్క చుక్క గుర్తులేదు, గొంతు గుర్తుంది.

ఆ జూలైకి అయిదు వారాల ముందే, 2024 జూన్ 12న, ఇక్కడ మంగఫ్‌లో పనివాళ్ళ భవనం తగలబడింది. పోయిన దాదాపు యాభైమందిలో 45 మంది భారతీయులు, అందులో ఆంధ్రప్రదేశ్ వాళ్ళు ముగ్గురు. ఆ వారమంతా మన గురువారాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అయిదు వారాలకే ఆ బతుకు తెర మీదికి వస్తే, నెమ్మదిగా వుందన్నాం. నజీబ్ లాంటివాళ్ళు మన భవనం వెనక వీధిలోనే వుంటారు. వాళ్ళ సినిమాకి మార్కు వేయడానికి మనకున్న అర్హత ఏమిటో, లేనిది ఏమిటో, రెండూ అంకెలో కనబడవు.

అన్నట్టు తెలుగులో ఎవరూ ప్రయత్నించలేదని కాదు. పి. సునీల్ కుమార్ రెడ్డి 2017లో 'గల్ఫ్' తీశారు. మన సమావేశాల్లో పేరెత్తితే చూశామన్నవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ మార్కు చెప్పారు, కథ చెప్పలేకపోయారు.

ఆ అక్కయ్య పొరపాటు మాత్రం మమ్మల్ని వదలలేదు. ఆడవాళ్ళ జీవితం అనుకున్నారే, ఆ సినిమా కూడా వుండాలి కదా! కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇళ్ళల్లో పనికి వచ్చే కద్దామాలు మనకు ఊరివరసలో అక్కలూ వదినలూ అవుతారు. మలయాళంవాళ్ళు అదీ చేశారు. 2011లో కమల్ దర్శకత్వంలో 'గద్దామా' వచ్చింది, సౌదీలో ఇంటిపనికి వెళ్ళిన మనిషిగా కావ్యా మాధవన్ వేశారు. వచ్చే గురువారం మా ఇంట్లో అది వేస్తున్నాం. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వున్నాయి, చాయ్ ముందే ఇచ్చేస్తాం. కద్దామాలుగా చేస్తున్నవాళ్ళకి ఆ రాత్రి సెలవు దొరికేటట్టయితే వెంట తీసుకురండి. మార్కులు ఆ రాత్రి అడగం, మరుసటి గురువారం అడుగుతాం.