కొలువులో కొత్త బొమ్మ

కృష్ణాతీరపు పాత ఇండ్లలో సంక్రాంతి బొమ్మల కొలువునకు ఒక కట్టుబాటు కలదు. భోగినాడు మెట్లు కట్టి, తెల్లని గుడ్డ పఱచి, అమ్మమ్మలనాటి పెట్టె తెఱచి, పాత చీరపేలికలలో చుట్టి దాచిన బొమ్మలను ఒక్కొక్కటిగా వెలికితీసి, దుమ్ము దులిపి, వరుస తప్పకుండ నిలుపుదురు. కాని ఎన్ని తరముల బొమ్మలున్నను, ఎంత నిండైన కొలువైనను, ఏటేట ఒక్క కొత్త బొమ్మయైనను చేర్పకుండ ఆ కొలువు తీర్చరాదు. పాతది పోగొట్టరాదు, కొత్తది మానరాదు. ఈ రెండు విధులను ఒక్క చేతితో నిర్వహించుకొని వచ్చిన గృహిణులకు, సంప్రదాయము గొప్పదా జనాదరణము గొప్పదా యను సందేహము ఎన్నడును కలిగి యుండదు. ఆ సందేహము బొమ్మలు చేయువారి అరుగులమీదను, వానిని ప్రేమతో కొని దాచుకొను రసికుల నడుమను నేడు పెద్ద వాదముగా పెరిగినది. దానికి నెలవు విజయవాడకు పాతిక కిలోమీటర్ల లోపున, పాత దుర్గము నీడలో నున్న కొండపల్లి.

అచ్చటి బొమ్మల కాలనీలో ఒక ఇంటి అరుగుమీద నేను ఒక పూట కూర్చుంటిని. తండ్రి తాటిచెట్టెక్కుచున్న గీతగాని బొమ్మకు కాళ్లు అతుకుచున్నాడు. కొడుకు ప్రక్కనే కూర్చుండి, తాను చెక్కిన ఆటోరిక్షాకు పసుపు రంగు పూయుచున్నాడు.

“ఎన్నాళ్లని ఆ తాడిచెట్టే చేస్తాం నాన్నా? కొనే పిల్లాడు గీతగాణ్ణి అసలు చూశాడా?” అన్నాడు కొడుకు.

“చూడలేదు గనకే చెయ్యాలిరా. ఆ ఆటో అంగట్లో ప్లాస్టిక్‌ది దొరుకుతుంది, చవగ్గా. నీ దగ్గరికొచ్చి ఎందుకు కొంటాడు?” అన్నాడు తండ్రి, చేతిలోని పని విడువకుండనే.

కొడుకు బదులు చెప్పలేదు. కుంచె మరల రంగులో ముంచినాడు. ఆ ప్రశ్న మాత్రము నా వెంట విజయవాడ వఱకు వచ్చినది.

దీనిని తూచి చూడవలెనన్న ముందుగా ఆ చేతిపని ఎట్టిదో తెలిసికొనవలెను. కొండపల్లి బొమ్మకు ప్రాణము తెల్లపొణికి కఱ్ఱ. ఆ కొండల అడవిలో పెరుగు ఈ చెట్టు కఱ్ఱ చేతబట్టినచో బరువే తెలియదు. గోటితో నొక్కినను నొక్కు పడునంత మెత్తన. టేకువలె చేవగలది కాదు గనుక దూలమునకు పనికిరాదు, గుమ్మమునకు పనికిరాదు. బొమ్మకొఱకే పుట్టినదా యనిపించును. పచ్చికఱ్ఱను చెక్కినచో ఆరిన పిదప కుంచించి బీటలు వాఱును గనుక, తగిన కొలతలకు కోసి, సన్నని సెగమీద కాచి, లోని తేమనంతయు వెడలగొట్టుదురు. ఈ పనిలో తొందర కూడదు. సెగ హెచ్చినచో పైభాగము మాడి లోపల పచ్చి నిలుచును. అట్టి బొమ్మ అంగడిలో చక్కగనే యుండును, కొన్నవాని ఇంట రెండవ వేసవికి పగులును.

అటుపిమ్మట చెక్కుడు. రాతిశిల్పి ఒక్క శిలనుండి విగ్రహమును సమగ్రముగా వెలికితీయును; కొండపల్లి పనివాడు అట్లు చేయడు. తల వేఱు, మొండెము వేఱు, చేతులు వేఱు, పల్లెపడుచు తలమీది కడవ వేఱు, ఏనుగు తొండము వేఱు, దానిపైని అంబారీ వేఱు. ఇవన్నియు విడివిడిగా ఉలితో చెక్కి, ఆకురాతితో నునుపు చేసి, కుప్పలుగా పోసి యుంచుదురు. ఆ ఇంట ఒక చాటలో చేతులు మాత్రమే యుండెను: కొన్ని దంచుచున్న చేతులు, కొన్ని విసరుచున్న చేతులు, కొన్ని నమస్కరించు చేతులు. మొండెము లేకున్నను ఏ చేయి ఏ పని చేయుచున్నదో తెలియుచునే యుండెను. నేను ఆ చాటను చూచుచు కూర్చుండిన సేపు బొమ్మలను చూడలేదని ఒప్పుకొనవలెను.

ఇట్లు విడదీసి చేయుటకు కారణము సులభముగనే గ్రహింపవచ్చును. మెత్తని కఱ్ఱలో పీచు ఒకే దిక్కునకు సాగును. ఒక్క ముక్కనుండి మొండెమును, చాచిన చేతిని కలిపి చెక్కినచో ఆ చేయి అడ్డుపీచున పడి పుటుక్కున విఱుగును. వేఱుగా చెక్కిన చేతికి దాని పీచు దాని పొడవునే యుండును. అంతకంటె ముఖ్యముగా, అతుకునపుడు ఆ చేతిని ఎంత యెత్తున, ఎంత వాలున నిలుపవలెనో పనివాని ఇచ్చ. రోకలి ఎత్తిన స్త్రీ భుజము ఒక్క నలుసంత పైకి జరిగిన చాలును, రోకలి దిగబోవుచున్నట్లు కాక ఎత్తి అలసినట్లగును. ఒకే అచ్చున పోసిన నూఱు బొమ్మలకు ఈ భాగ్యము లేదు.

అతుకునది మక్కు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బిన బంకలో రంపపు పొడి కలిపిన ముద్దకే మక్కు అని పేరు. మొదట అది జిగురు. తరువాత అదియే మాంసము. చెవి తమ్మెను, కొప్పును, చీర కుచ్చెళ్లను, ఎద్దు మూపురమును ఈ మక్కుతోనే తీర్చుదురు. ఉలి తీసివేయుట మాత్రమే యెఱుగును, మక్కు చేర్చుట యెఱుగును; ఈ రెండును ఒకే చేతిలో నుండుట చేతనే కొండపల్లి బొమ్మలో కఱ్ఱబిఱుసు కానరాదు. మక్కు ఆరిన పిదప సున్నము పూసి, అరగదీసి, తెల్లని నున్నని మేను కలిగింతురు. ఆ తెలుపు మీద రంగులు. చెక్కుడు ఎక్కువగా మగవారి పని, రంగులు ఎక్కువగా ఆడవారి పని. ఆ ఇంటి ఇల్లాలు అన్ని రంగులును ముగించి, మేకవెండ్రుకల కుంచె కొసను నల్లరంగులో తాకించి, ఊపిరి బిగబట్టి, ఒక్క వంపుతో కన్ను దిద్దినది. అంతవఱకు చేతిలో తిరుగుచుండిన కఱ్ఱముక్క అప్పుడు మావైపు చూచినది.

ఈ పని చేయువారు ఆర్యక్షత్రియులు. నాలుగు వందల యేండ్ల క్రిందట రాజస్థానమునుండి తమ పూర్వులు ఇచ్చటికి వచ్చిరని చెప్పుకొందురు. తమ విద్యకు మూలపురుషుడు ముక్తాఋషి యందురు. రెడ్డిరాజుల నాట వెలసి, గజపతుల చేతినుండి కృష్ణరాయల చేతికి, ఆ తరువాత గోలకొండ నవాబులకు మాఱిన దుర్గము క్రింద వారు స్థిరపడిరి. అంబారీ యేనుగు ఆ రాచఱికపు ఊరేగింపులకు గుర్తు. దశావతారములు, గీతోపదేశపు రథము కొలువునకు తప్పనివి. కాని నన్ను ఎక్కువగా ఆలోచింపజేయునది తాటిచెట్టు బొమ్మయే. ఉత్తరదేశమునుండి వచ్చిన వంశము కృష్ణాలంకలలో తాళ్లను, మోకు బిగించి వాని నెక్కు గీతగానిని చూచి, నచ్చి, చెక్కినది. నేడు మనము సనాతనమని తలచు ఆ బొమ్మ ఒకనాడు, ఎవని చేతనో, మొదటిసారి చేయబడిన కొత్త బొమ్మయే గదా! దానిని చూచి ఇది మన పని కాదని విసిగికొనిన పెద్దవాడు కూడ ఆనాడు ఒకడు ఉండియే యుండును.

ఇట్టి తగవు కొండపల్లికే పరిమితము కాదు. బందరు రోడ్డున అప్పుడప్పుడు ఒక పోర్షె కారు పోవుట కలదు. కుఱ్ఱవాండ్రు ఆగి చూతురు. 1963లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనమున వెలసిన ఆ సంస్థవారి 911 కారు ఇంజను గాలితో చల్లబడునది. అది వెనుకభాగమున నుండును. 1990ల చివర దానిని నీటితో చల్లబడు ఇంజనుగా మార్చినపుడు పాత భక్తులు ఆ ధ్వని పోయినదని దుఃఖించిరి. 2002లో అదే సంస్థ కుటుంబమంతయు కూర్చుండదగిన ఎత్తైన కయెన్ కారును తెచ్చినపుడు, స్పోర్ట్సు కారుల వంశమునకు అపచారమనిరి. ఆ కయెన్ విరివిగా అమ్ముడుపోయినది; ఆ ధనముతో నిలిచిన సంస్థ 911ను నేటికిని వెనుక ఇంజనుతోనే చేయుచున్నది. జనులు మెచ్చినది పెద్దలు మెచ్చినదానికి అన్నము పెట్టినది. కావున జనాదరణమును పేరు విన్నంతనే తిట్టుట తగదు. అది దేనిని మార్చినది, దేనిని ముట్టలేదు అనియే చూడవలెను.

మన నేలమీదనే దీనికి మంచి దృష్టాంతము కలదు. వరాహనదీతీరపు ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెనమీద త్రిప్పి లక్కతో రంగు లెక్కింతురు. రంగులను తిరిగి చెట్ల బెరడులనుండి, వేళ్లనుండి, గింజలనుండి తీయుటకు పూనుకొన్న సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఆటవస్తువులకు తోడు గృహాలంకారములును, ఇంటివాడుక వస్తువులును అచ్చట తయారగుచున్నవి. వస్తువు మాఱినది, కఱ్ఱ, తరిమెన, లక్క మాఱలేదు. అది నాకు సమ్మతము.

కొండపల్లిలో నాకు భయము కలిగించునది కొడుకు చేసిన ఆటో కాదు. దానిని నేను చేతబట్టి చూచితిని. చక్రములు వేఱుగా చెక్కి అతికినవి. తోలువాడు ఒక మోచేయి బయటకు పెట్టి, మెడ వాల్చి, బేరమాడుచున్నట్లున్నాడు. బెజవాడ బస్సుస్టాండు వాకిట ఆ మెడవాలు చూడనివారుండరు. అది తాటిచెట్టు బొమ్మకు తోబుట్టువు. నాకు భయము పలుచని పలకలను ఒక్క మాదిరి కత్తిరించి, రంగు పులిమి, తాళపుచెవులకు తగిలించు బిళ్లలను చూచినపుడు కలిగినది. వానిలో అతుకు లేదు, మక్కు లేదు, భంగిమ లేదు. కొండపల్లి యను పేరు మాత్రమున్నది. దశావతారములే అట్లు కత్తిరించినను అవి కొండపల్లి బొమ్మలు కానేరవు. బొమ్మ దేనిని చూపుచున్నదన్నది చిన్న విషయము, ఎట్లు చేయబడినదన్నది పెద్ద విషయము. తండ్రి కొడుకుల వాదమున నేను కొడుకు పక్షము. కాని తండ్రి చేతిని నేర్చిన కొడుకు పక్షము.

రంగుల విషయమున కూడ ఒక మాట. పూర్వము ఆకుపసరులు, నీటిరంగులు వాడెడివారు. ఇప్పుడు మెఱుపుకొఱకును, మన్నికకొఱకును ఎనామిలు పూతలు విరివిగా వచ్చినవి. తడిగుడ్డతో తుడువవచ్చునన్న సౌకర్యము నేను కాదనను. అయినను ఆ గాజుమెఱుపు క్రింద కుచ్చెళ్ల మడతలు అణగిపోవుచున్నవి. సున్నపు మేనిమీద నీటిరంగు ఇంకినప్పుడు కలుగు మెత్తదనము దానికి రాదు. పసిపిల్లలు నోట బెట్టుకొను వస్తువునకు ఏ రంగు మేలో వేఱుగా చెప్ప నక్కఱలేదు.

ప్రభుత్వము చేసినది లేకపోలేదు. 1999 నాటి చట్టము క్రింద కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. లేపాక్షి దుకాణములు వానిని ఊరూర అమ్ముచున్నవి. 2020లో విదేశీ ఆటబొమ్మలపై దిగుమతి సుంకము 20 శాతమునుండి 60 శాతమునకు పెరిగినది. కాని పేరును కాచు చట్టము చెట్టును పెంచదు. పొణికి కఱ్ఱ దొరకుట నానాటికి కష్టమగుచున్నదనుట ఆ వీథిలో ఏ అరుగు నడిగినను వినవచ్చు మాట. బొమ్మకొఱకు కొట్టుటయే కాని బొమ్మకొఱకు నాటుట అలవాటు లేని దేశమున పనివాడు ఎంతకాలము కాచుకొని యుండగలడు? అడవిశాఖవారు ఆ కొండవాలున పొణికి నాటి, ఎదుగువఱకు కాచి, పనివారికి తగు ధరకు ఇచ్చుట కంటె ఈ విద్యకు చేయదగిన గొప్ప ఉపకారము నాకు తోచుట లేదు. పాత మాదిరులా, కొత్త మాదిరులా యని రసికులు పోట్లాడుకొనుచుండగా, చెట్టు కరవైనచో ఇరుపక్షములవారును ప్లాస్టిక్కునే పంచుకొనవలసి వచ్చును.

చదువరులకు నా విన్నపము ఒక్కటి. కొలువునకు ఈ ఏటి కొత్త బొమ్మను కొండపల్లికి స్వయముగా పోయి తెచ్చుకొనుడు. చేతిలోనికి తీసికొని బరువు చూడుడు; భుజము వద్ద, మెడ వద్ద అతుకు వెదకుడు; ఒకే మాదిరివి రెండు ప్రక్కప్రక్కన పెట్టించి, వాని చూపులు వేఱుగా నున్నవో లేదో పోల్చుడు. గీతగాడైనను సరియే, ఆటోవాడైనను సరియే, మీకు నచ్చినది చేయించుకొనుడు. అయితే పండుగ ముందు వారమున పరుగెత్తవలదు. కార్తికము దాటకముందే చెప్పి యుంచుడు. పొణికి ఆరుటకు కాలము పట్టును.