అక్షరముల వ్రాతక్రమము

తిరుపతి, చిత్తూరు పట్టణముల పుస్తకపుటంగళ్లలో పసిపిల్లలకై యమ్మెడు దిద్దుడుపుస్తకములను కొన్నింటిని మేము తెప్పించి చూచితిమి. కాగితము నున్నన, బొమ్మలకు రంగులు పుష్కలము. ప్రతిపుటయందు చుక్కలతో గూర్చిన యక్షరము. బిడ్డ యా చుక్కలను గలుపవలెను. ఎచ్చట మొదలిడవలెను? ఏ వైపునకు తిరుగవలెను? తలకట్టు ముందా, వెనుకనా? వీనిలో పెక్కింట నిందులకు సమాధానము లేదు. ఒకదానియందు మాత్రము బాణపుగుర్తులు గలవు గాని, అందు "క"కారమునకు తలకట్టు కడపటను, "గ"కారమునకు మొదటను వచ్చుచున్నది!

రూపము సరిగా కుదిరినపుడు క్రమముతో పని యేమని కొంద ఱడుగవచ్చును. చీనాదేశమువారి పద్ధతిని చూడుడు. పైగీత ముందు, క్రిందిగీత వెనుక. ఎడమది ముందు, కుడిది వెనుక. చుట్టుగోడ ముందు, లోపలి సామాను తరువాత, తలుపు మూయుట కడపట. ఇవి యచ్చటి బాలురకు తొలిపాఠములు. 1716లో ముగిసిన కాంగ్‌షీ నిఘంటువునందు అక్షరములు 214 మూలరూపముల క్రింద గీతల సంఖ్యనుబట్టి కూర్పబడినవి; గీతలు లెక్కింప నేరనివాడు అందులో మాటను వెదకజాలడు. 1997లో చీనా ప్రభుత్వము 7,000 అక్షరములకు గీతలక్రమమును నిర్ణయించి ప్రకటించెను. జపానువా రంతకుముందే, 1958లో, తమ బడులకొక చేపుస్తకమును వెలువరించిరి. వింత యేమనగా, ఈ రెండును అన్నిట నేకీభవింపవు. "రాజు" అను నర్థమిచ్చు అక్షరమునకు మూడడ్డగీతలు, ఒక నిలువుగీత. చీనాబిడ్డ రెండడ్డగీతలు గీచి పిదప నిలువుగీత దించును. జపానుబిడ్డ ఒక్కటి గీచినవెంటనే దించును. కావున క్రమము వేదవాక్యము గాదు, ఒడంబడిక. అయినను ఒక దేశపు బడులలో నొక్కటే త్రోవ. చేయి వేగముగ సాగి గీతలొండొంటితో కలిసిపోయినపుడు సైతము చదువరి పోల్చుకొనగలుగుట కిదియే యాధారము.

మన లిపికి ఒడంబడిక లేకపోయినను హేతువు కలదు. "క" వ్రాయునపుడు ఒడలు ముందు, తలకట్టు వెనుక రావలెను. ఏలయన "కి", "కె", "కొ" లలో తలకట్టు తొలగి, ఆ చోటను గుడియో, ఎత్వమో, ఒత్వమో యాక్రమించును. ఒడలు మాత్రము మాఱదు. తలకట్టుతో మొదలిడుట కలవాటుపడిన బిడ్డకు గుణింతము వచ్చుసరికి చేయి తడబడుట మేము తరగతిలో నేటేట చూచుచున్నాము. అసలు తలకట్టే లేని జ, ట, ణ, బ, ల మొదలగు వానిని ఈ పుస్తకములు వేఱుగా చూపనే చూపవు. పూర్వవైయాకరణులు ఉచ్చారణస్థానములనుబట్టి చెవికై యేర్పఱచిన వర్ణక్రమమును చేతికిగూడ విధించుట మన యయ్యవార్లు చేయుచున్న పొరపాటు. చేతికి ర, ఠ లొక జట్టు. ద, ధ, థ లొక జట్టు. ప, ఫ, ష లొక జట్టు. థకారమునకు లోపలిచుక్క కడపటి మెట్టని బిడ్డ చేతికి తెలిసియున్నచో "అర్థము" సగమై "అర్ధము"గా మిగులదు. పెద్దల యుత్తరములలో సైత మీ తప్పు కానవచ్చుచున్నది.

మన పూర్వులకు చెఱుపుటకు వీలు లేకుండెను. 1939లో తిరుపతియందు నెలకొల్పబడిన ప్రాచ్యపరిశోధనాలయమునందలి తాళపత్రములను చూచినవారి కిది తెలియును. గంటముతో ముందు గీచి, పిదప మసి పూయవలెను. గీచునపుడు అక్షరము కంటికి స్పష్టముగ నైన కానరాదు. అట్టి వ్రాత చేతికి త్రోవ తెలిసినగాని సాగదు. తిరుమల సంకీర్తనభాండారమున దొరకిన తాళ్లపాకవారి రాగిఱేకులను చెక్కినవారికిని దిద్దుబాటు దుర్లభమే. ఇక బియ్యపుపళ్లెములో అక్షరాభ్యాసము జరుగునపుడు పెద్దలు బిడ్డ వ్రేలిని పట్టి నడపుదురు గదా! అక్షరముతోపాటు త్రోవయు వ్రేలికి సంక్రమించును. ఆ ముచ్చట యొక్కపూటతో ముగియును. మఱునాటినుండి బిడ్డకు చుక్కలే గురువులు. తల్లిదండ్రులు ఇంగ్లీషుబడిలోనో, ఈ సరిహద్దుసీమలో అరవబడిలోనో చదివినవారైనచో ఇంట దిద్దించువారును కఱవే.

ప్రకటనకర్తలను మేము కోరునది స్వల్పము. మలికూర్పునందు ప్రతియక్షరమునకు మొదలుచోట నొక యంకెయు, త్రోవపొడుగునను బాణపుగుర్తులును వేయింపుడు. తలకట్టు సంగతి యన్నిట నొక్కతీరున నుండునట్లు చూడుడు. రంగుబొమ్మలు రెండు తగ్గినను మాకు సమ్మతమే.