కరువు వలస – నేరచట్టం: విమర్శ చదవని పాఠం

సింగమనేని నారాయణ మొదలైన అనంతపురం కథకుల కరువు కథలపై వచ్చిన విమర్శలో వలస ప్రధానంగా కరుణకు ఆలంబనంగానే నిలిచింది. కదిలిన మనిషిని రాజ్యం ఏ పేరుతో నమోదు చేసిందన్న ప్రశ్న వెనుకబడింది. ఇది చిన్న లోపం కాదు.

కోస్తా ఉప్పును ఎద్దులమీద మెట్టప్రాంతాలకు చేర్చిన సంచార ఎరుకలవారి వర్తకాన్ని రైలుమార్గాలు, ఉప్పు విధానం, 1876-78 కరువు దెబ్బతీశాయని మీనా రాధాకృష్ణ పరిశోధన చూపింది. జీవిక కోల్పోయిన వారికి దక్కినది నేరస్థ జాతుల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. పేరు నమోదు, పోలీసుల ముందు హాజరు, అనుమతి లేకుండా కదిలితే శిక్ష. దొంగతనం రుజువు కానక్కరలేదు, ప్రయాణమే నేరం. బాపట్ల సమీపంలో స్టూవర్టుపురం ఆ చట్టం నీడలోనే వెలసింది. (ఆ ముద్రను తెలుగు సినిమా పేరుగా కూడా పెట్టుకొంది.) మద్రాసులో 1947లో చట్టం రద్దయింది. మరుసటి ఏడాదే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది.

శరణార్థి దగ్గరా ఈ తర్కమే కనిపిస్తుంది. 1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకొన్న రోహింగ్యాలు 1946 విదేశీయుల చట్టం కిందికే వచ్చారు. విదేశీయుడు కానని రుజువు చేసుకోవలసిన భారం అందులో వ్యక్తిదే. 2025లో కొత్త చట్టం వచ్చినా ‘శరణార్థి’కి నిర్వచనం రాలేదు.

ఎరుకలవారు ఈ నేలవారు, రోహింగ్యాలు సరిహద్దు దాటినవారు. ఇద్దరినీ ఒకటిగా చూపడం సరికాదు. పోలిక చట్టం పనితీరుకే పరిమితం. కళ్యాణదుర్గం నుంచి బెంగళూరుకు వెళ్ళే కూలీని ఎవరూ అనుమతిపత్రం అడగలేదు. అతని కథ కరుణరసంతో ముగియగలిగింది అందుకే.